“చూద్దాం” అంటే ఎముక ఆగదు

“బాగున్న తొడనెందుకు కోస్తారు సిస్టర్?”

ఆవిడ చేతిలో ఆపరేషన్‌కి సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది. పెన్ను నా చేతిలో ఉంది. కొడుక్కి ఇరవై రెండేళ్లు. బైక్ మీద నుంచి పడి మోకాలి కింద ఎముక విరిగింది. ముందువైపు చర్మం ఊడిపోయి ఎముక బయటపడింది. బయటి నుంచి రాడ్లు బిగించి ఎముకను నిలబెట్టారు. ఇప్పుడు రెండో కాలి తొడ మీద నుంచి, అరచేయి వేళ్లతో కలిపి ఎంతుంటుందో అంత చర్మం తీసి ఆ గాయం మీద వేస్తామంటున్నారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? ఒక కాలు పాడైంది, ఒక కాలు మిగిలింది. మిగిలినదాని మీద కూడా కత్తి పెడతామంటే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది.

ఆ రోజు నేను సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను. “డాక్టర్ గారు చూసుకుంటారమ్మా, ఏం కాదు” అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, కాగితం మడిచి కొంగున పెట్టుకుంది. “రెండు రోజులు చూద్దాం సిస్టర్. మందులకే మానుతుందేమో” అంది.

నేను పదకొండేళ్లుగా ప్లాస్టిక్ సర్జరీ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఈ “చూద్దాం” అనే మాట నేను విన్నన్ని సార్లు ఇంకే మాటా విని ఉండను. ఇంట్లోవాళ్లు అంటారు. ముందు చూసిన డాక్టర్లు అంటారు. అర్ధరాత్రి డ్యూటీలో నేనూ ఒకసారి అన్నాను, దాని సంగతి తర్వాత చెబుతాను. ఎముక బయటపడిన గాయం విషయంలో ఈ మాట ఓపికలా వినిపిస్తుంది కానీ ఓపిక కాదు. అదొక నిర్ణయం. ఆ నిర్ణయానికి మూల్యం కట్టేది మంచం మీద పడుకున్నవాళ్లు.

మీ మోకాలి కింద, కాలి ముందువైపు ఒకసారి చేత్తో తడమండి. వెనకవైపు పిక్కలో చేతినిండా కండ ఉంటుంది. ముందు, కాస్త లోపలి వైపుకి రాగానే వేలికి నేరుగా ఎముక తగులుతుంది. అక్కడ ఎముకకీ బయటి ప్రపంచానికీ మధ్య ఉన్నది చర్మం, దాని కింద పల్చటి పొర, అంతే. అందుకే బండి ప్రమాదాల్లో అక్కడ దెబ్బ తగిలితే ఎముక ఇట్టే బయటపడుతుంది. పక్కనుంచి లాగి కప్పుదామంటే అక్కడ మిగులు చర్మం ఉండదు. ముఖ్యంగా కాలి కింది మూడో వంతులో, చీలమండకి దగ్గరగా, తిప్పి వేయడానికి పనికొచ్చే కండ కూడా దొరకడం కష్టం.

అలాంటప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, “చర్మం వేస్తే సరిపోదా?” అని. వాళ్లు అనేది స్కిన్ గ్రాఫ్ట్ గురించి. కాలిన గాయాలకి వేస్తారు కాబట్టి దాని గురించి చాలామంది వినే ఉంటారు. డాక్టర్లు తొడ నుంచి తీసి వేస్తామన్నది ఫ్లాప్. గ్రాఫ్ట్‌కీ ఫ్లాప్‌కీ తేడా తెలిస్తే సగం భయం పోతుంది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

గ్రాఫ్ట్ నారు లాంటిది. నారుమడిలోంచి పీకిన మొక్కకి తన నీళ్లంటూ ఏమీ ఉండవు. బురదగా ఉన్న మడిలో నాటితే బతుకుతుంది, బండ మీద పెడితే సాయంత్రానికి వాడిపోతుంది. గ్రాఫ్ట్ కూడా అంతే. పల్చగా చెక్కి తీసిన చర్మం మొదటి రెండు రోజులు కింద గాయంలో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆలోగా కిందినుంచి సన్నని రక్తనాళాలు దానిలోకి పాకితే నిలుస్తుంది. కింద కండ ఉంటే, ఎర్రగా నెత్తురాడే కొత్త కండ పెరిగితే, హాయిగా అతుక్కుంటుంది. పై పొర ఊడిపోయిన ఎముక మీద, తొడుగు పోయిన స్నాయువు మీద, బిగించిన స్టీలు ప్లేటు మీద ఏ నాళం పాకుతుంది? అక్కడ గ్రాఫ్ట్ వేస్తే నాలుగో రోజు డ్రెస్సింగ్ విప్పేసరికి తడిసిన కాగితంలా ఊడి వస్తుంది.

ఫ్లాప్ అలా కాదు. మొక్కను వేరుతో, మట్టిగడ్డతో పెళ్లగించి, దానికి నీళ్లు తెచ్చే కాలువను కూడా వెంట తీసుకెళ్లి కొత్త చోట ఇంకో కాలువకి కలపడం లాంటిది. చర్మం, కింద కొవ్వు, ఒక్కోసారి కండ మీది గట్టి పొర, వాటన్నిటికీ రక్తం తెచ్చే ధమని, తీసుకెళ్లే సిర, అన్నీ కలిపి ఒక ముక్కగా తీస్తారు. గాయం దగ్గరి రక్తనాళాలకి వీటిని మైక్రోస్కోప్ కింద కుట్టేస్తారు. కింద బండ ఉన్నా దానికి ఫర్వాలేదు, నీళ్లు తనవెంటే తెచ్చుకుంది కాబట్టి. పైగా ఆ రక్తంతో పాటు యాంటీబయాటిక్ మందులూ, ఒంట్లోని రక్షణ కణాలూ ఆ ఎముక దాకా చేరతాయి.

అయితే తొడే ఎందుకు?

ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం తొడ మీద గీతలు గీసేటప్పుడు నేను చాలాసార్లు పక్కనే ఉన్నాను. తుంటి ముందు చేతికి తగిలే ఎముక మొన నుంచి మోకాటి చిప్ప బయటి పై మూల దాకా ఒక గీత. గీతకి సరిగ్గా మధ్యలో ఒక చుక్క. చుక్క చుట్టూ 3 సెంటీమీటర్ల దూరంలో ఒక వలయం. తర్వాత రక్తం పారే చప్పుడును వినిపించే, పెన్ను లాంటి డాప్లర్ పరికరం కొసకి జెల్ రాసి ఆ వలయంలో మెల్లగా జరుపుతారు. గరగరమని శబ్దం. జరుపుతూ జరుపుతూ ఉండగా ఒకచోట “హుష్... హుష్... హుష్” అని గుండె లయలో వినిపిస్తుంది. ఎక్కువమందిలో అది వలయానికి కింది బయటి పావులోనే దొరుకుతుంది. అక్కడ చిన్న గుర్తు పెడతారు. చర్మంలోకి పైకి లేచే సన్నని రక్తనాళం, పర్ఫొరేటర్ అంటారు, అక్కడుందన్న మాట. రేపు తీయబోయే ఆ చర్మమంతా ఈ ఒక్క ధార మీద, మహా అయితే రెండు మూడింటి మీద బతకాలి. ఆ శబ్దాన్ని పేషెంట్ కూడా వింటాడు. “అది నా గుండేనా సిస్టర్?” అని అడిగినవాళ్లున్నారు.

ఆ పర్ఫొరేటర్ తొడ లోపలి పెద్ద ధమని కొమ్మల్లో ఒకదాన్నుంచి వస్తుంది. తొడ ముందు కండకీ బయటి కండకీ మధ్య సందులోంచి ఆ కొమ్మ మోకాలి వైపు దిగుతుంది. పర్ఫొరేటర్ కొద్దిమందిలో నేరుగా ఆ సందులోంచే పైకొస్తుంది. పదిమందిలో ఎనిమిది మందికి పైగా బయటి కండను చీల్చుకుని వస్తుంది. కండ లోపల నాళాన్ని తెంపకుండా చుట్టూ ఉన్న నారలను ఒక్కొక్కటిగా విడదీస్తూ వెళ్లాలి. ఆపరేషన్ సగం ఓపిక అక్కడే ఖర్చవుతుంది. దానికి తగ్గ ఫలితం కూడా ఉంటుంది. ధమని దాదాపు 2 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, మైక్రోస్కోప్ కింద కుట్టడానికి అనువైనది. నాళం పొడవుగా వస్తుంది కాబట్టి గాయం చుట్టూ నలిగిన నాళాలను వదిలేసి, కాస్త దూరంలో ఉన్న ఆరోగ్యమైన నాళానికి కలపొచ్చు. కుట్టే నైలాన్ దారం తలవెంట్రుక కంటే సన్నగా ఉంటుంది.

తొడ నుంచి ఈ ఫ్లాప్ తీయొచ్చని 1984లో చైనా సర్జన్ సోంగ్, ఆయన సహచరులు రాశారు. పర్ఫొరేటర్ ఒక్కొక్కరిలో ఒక్కోచోట ఉండటంతో మొదట్లో చాలామంది దీని జోలికి పోలేదు. జపాన్‌లో కోషిమా లాంటివాళ్లు దాన్ని ముందుకు తీసుకెళ్లారు. తైవాన్‌లోని చాంగ్ గంగ్ ఆసుపత్రి నుంచి ఫూ చాన్ వే బృందం 2002లో 672 తొడ ఫ్లాప్‌ల అనుభవాన్ని అచ్చు వేసింది. అందులో పూర్తిగా పోయినవి 12. ఆ వ్యాసం శీర్షికలోనే వాళ్లు ఒక ప్రశ్న అడిగారు, మెత్తటి కణజాలానికి ఆదర్శమైన ఫ్లాప్ మనకి దొరికేసిందా అని. నోటి క్యాన్సర్ తీసేసిన చోట, గొంతులో, చేతి మీద, మడమ మీద, తల మీద, ఎక్కడ కావాలంటే అక్కడ ఈ తొడ ముక్క పనికొస్తోంది. నోటికి వేసేటప్పుడైతే ఒక బృందం పైన క్యాన్సర్ తీస్తుంటే ఇంకో బృందం అదే సమయంలో కింద తొడ దగ్గర పని చేసుకోవచ్చు. పేషెంట్‌ని బోర్లా తిప్పాల్సిన పనిలేదు.

ఇదంతా ఆ తల్లికి చెప్పి ఉంటే? పెన్ను పట్టుకుని నిలబడ్డ ఆ ఐదు నిమిషాల్లో ఇందులో ఒక్క ముక్క కూడా నేను చెప్పలేదు.

రెండు రోజులన్నది ఆరు రోజులైంది. డాక్టర్లు మళ్లీ మళ్లీ మాట్లాడారు. రోజూ డ్రెస్సింగ్ నేనే చేశాను కాబట్టి ఆ ఆరు రోజుల్లో ఎముక ఎలా మారిందో నా కళ్లతో చూశాను. మొదటిరోజు ఎముక దంతంలా ఉంటుంది, కాస్త పచ్చదనం కలిసిన తెలుపు, తడితడిగా మెరుస్తూ. ఆ మెరుపు పోతుంది. తర్వాత సుద్దముక్కలా అవుతుంది. పైపొర పోయిన ఎముక తడిలేకుండా ఆరిపోతే పై భాగం చచ్చిపోతుంది, చచ్చిన ఎముక క్రిములకి స్థిరనివాసం. అక్కడికి మందు చేరదు, మందు తెచ్చే రక్తం లేదు కాబట్టి. అంచుల్లో చర్మం ఎర్రగా ఉబ్బుతుంది. చుట్టుపక్కల సిరలు, ధమనులు కూడా ఆ వాపులో నానిపోయి, కుట్టబోతే చినిగిపోయేలా పెళుసుగా తయారవుతాయి. అంటే, ఆలస్యమయ్యేకొద్దీ ఆపరేషన్ అవసరం పెరుగుతుంది, అది గెలిచే అవకాశం తరుగుతుంది.

ఈ మాట నా అనుభవం మీదే చెప్పడం లేదు. అప్పటి యుగోస్లావియాలో, లియుబ్లియానా నగరంలో మార్కో గొడీనా అనే సర్జన్ ఉండేవారు. కాళ్లూ చేతులూ నుజ్జయిన 532 మందికి తాను చేసిన ఫ్లాప్ ఆపరేషన్లను మూడు గుంపులుగా విడదీశారు, ఆ లెక్క 1986లో అచ్చయింది. దెబ్బ తగిలిన 72 గంటల్లోపు కప్పినవి, 72 గంటల నుంచి మూడు నెలల మధ్య కప్పినవి, మూడు నెలలు దాటాక కప్పినవి. మొదటి గుంపులో ఫ్లాప్ పోయింది వందకి ఒకటి కంటే తక్కువ, 0.75 శాతం. రెండో గుంపులో 12 శాతం. మూడోదాంట్లో 9.5 శాతం. చీము పట్టడం కూడా మొదటి గుంపులో 1.5 శాతమే, రెండోదాంట్లో 17.5 శాతం. అన్నిటికంటే చెడ్డది మధ్య గుంపు. “చూద్దాం” అని మనం గడిపే రోజులన్నీ సరిగ్గా ఆ మధ్యలోనే పడతాయి. రోడ్డు మీద దెబ్బతిన్న కాళ్లను అంతగా పట్టించుకున్న ఆ మనిషి, అది అచ్చయిన ఏడాదే రోడ్డు ప్రమాదంలోనే చనిపోయారు.

ఆ తర్వాత నలభై ఏళ్లలో మైక్రోసర్జరీ చాలా మారింది. గాయానికి ప్లాస్టిక్ పొర అంటించి లోపలి గాలినీ ద్రవాన్నీ లాగేసే యంత్రాలొచ్చాయి. అందుకని వారం దాటాక చేసినా మంచి ఫలితాలు వస్తున్నాయని తర్వాతివాళ్లు చూపించారు. 72 గంటలు దాటితే అంతా అయిపోయినట్టేనని ఎవరూ బెంగ పెట్టుకోవద్దు. అయినా బ్రిటన్‌లో ఎముక డాక్టర్లు, ప్లాస్టిక్ సర్జన్లు కలిసి పెట్టుకున్న ప్రమాణాలు నేటికీ ఆ 72 గంటల లక్ష్యాన్నే చెబుతాయి. మొదటి శుభ్రం చేసే ఆపరేషన్ దగ్గరే ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవాలని కూడా చెబుతాయి. నాకు ఈ రెండో మాటే ఎక్కువ ముఖ్యం. ఎందుకంటే మా వార్డుకి వచ్చే ఆలస్యమంతా ఇంటివాళ్ల భయం వల్ల వచ్చింది కాదు. ఒక కుర్రాడు ఐదు వారాల డ్రెస్సింగ్‌ల తర్వాత మా దగ్గరికొచ్చాడు. ఆ ఐదు వారాల్లో ఒక్క ప్లాస్టిక్ సర్జన్ కూడా ఆ కాలు చూడలేదు. ఎముక బాగా బిగించారు, ఎక్స్‌రే చక్కగా ఉంది. పైన మాత్రం నాలుగు వేళ్ల వెడల్పున సుద్దలాంటి ఎముక. “కండ పూడుతుంది, చూద్దాం అన్నారు సిస్టర్” అన్నాడు. రంధ్రాలు వేసి చూశారట, లోపల్నుంచి కండ పుడుతుందని. ఆ ఎముకలో చచ్చిన భాగాన్ని ఉలితో చెక్కితే గానీ నెత్తురు చుక్కలు కనిపించలేదు. చెక్కాక ఏర్పడిన లోటుకి మళ్లీ వేరే ఆపరేషన్. ఎముక బిగించినవాళ్లు చెడ్డవాళ్లని నేననను. వాళ్లు తమ పని బాగా చేశారు. గాయాన్ని కప్పడం ఎవరి పనో మొదటిరోజు ఎవరూ అడగలేదు.

ఆగాల్సిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. మనిషి ప్రాణాపాయంలో ఉంటే ముందు ప్రాణం. గాయంలో చచ్చిన కణజాలం ఇంకా మిగిలి ఉంటే దాన్ని పూర్తిగా తీయకుండా పైన ఎంత మంచి ఫ్లాప్ వేసినా చెత్త మీద దుప్పటి కప్పినట్టే. కాలి రక్తనాళాలు ముందే పూడుకుపోయినవాళ్లకి కలపడానికి మంచి నాళముందో లేదో పరీక్ష చేశాకే దిగాలి. కింద కండ ఉన్న గాయానికైతే గ్రాఫ్టే చాలు, తొడ జోలికి వెళ్లనే అక్కర్లేదు. ఇవన్నీ కారణం తెలిసి, గడువు పెట్టుకుని ఆగడం. ఎందుకాగుతున్నామో ఎవరికీ తెలియని ఆగడం గురించే నా గొడవంతా.

ఇక ఆ తల్లి ప్రశ్నకి వస్తాను. బాగున్న తొడకి ఏమవుతుంది? “ఏం కాదు” అన్న నా సమాధానం అబద్ధం. అబద్ధాన్ని ఆవిడ నా ముఖంలో చదివింది కాబట్టే కాగితం మడిచింది అనుకుంటాను.

తొడకి అవుతుంది. జానెడు పొడవున మచ్చ మిగులుతుంది. తీసిన చర్మం వెడల్పు సుమారు 8 సెంటీమీటర్ల లోపు ఉంటే చాలామందిలో రెండు అంచులనూ దగ్గరికి లాగి కుట్టేయొచ్చు, గీతలా ఉంటుంది. అంతకంటే వెడల్పయితే అక్కడ మళ్లీ గ్రాఫ్ట్ వేయాలి. అప్పుడు ఆ చోటు గుంటగా, రంగు తేడాగా, ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. తొడ బయటివైపు కొంత మేర తిమ్మిరిగా ఉంటుంది, కొందరికి ఆ తిమ్మిరి పూర్తిగా పోదు. కండలోంచి నాళాన్ని విడదీశారు కాబట్టి మొదట్లో మెట్లెక్కేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు ఆ కాలు బరువుగా అనిపిస్తుంది. కండకి వెళ్లే నరాన్ని కాపాడితే చాలామందికి నడకలో పెద్ద తేడా మిగలదు, వ్యాయామం మాత్రం వదలకూడదు. లావుగా ఉన్నవాళ్ల తొడలో కొవ్వు ఎక్కువ కాబట్టి కాలి మీద వేసిన ముక్క దిండులా ఉబ్బుగా ఉంటుంది. చెప్పు పట్టదు, ప్యాంటు పట్టదు. కొన్ని నెలల తర్వాత దాన్ని పల్చన చేయడానికి ఇంకోసారి థియేటర్‌కి రావాల్సి రావచ్చు. మగవాళ్లకైతే తొడ మీది వెంట్రుకలు కొత్తచోట కూడా పెరుగుతూనే ఉంటాయి. నోట్లో వేసిన ముక్క మీద వెంట్రుకలొచ్చి ఇబ్బంది పడినవాళ్లు కూడా ఉన్నారు.

వీటిలో ఏ ఒక్కటీ కాలు పోగొట్టుకోవడంతో తూగదు. అయినా ప్రతి ఒక్కటీ ముందే చెప్పాలి. ఒకాయన ఫ్లాప్ బ్రహ్మాండంగా నిలిచి, నడుచుకుంటూ చెకప్‌కి వచ్చి, కాలు చూపించకుండా తొడ చూపించి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “ఇంత మచ్చ పడుతుందని నాకెవరూ చెప్పలేదు సిస్టర్” అన్నాడు. మేమంతా ఆ కాలిని చూసి సంబరపడుతున్నాం. ఆయన రోజూ స్నానం చేసేటప్పుడు చూసుకునేది తొడని. ఆపరేషన్ గెలిచిందని మా రికార్డులో ఉంది. ఆయన లెక్కలో ఎవరో తనకి తెలియకుండా ఏదో తీసుకున్నారు. ఆయన ఏడుపు నాకు చాలా నేర్పింది.

తొడ ఇచ్చేవాళ్లకి ఏమిస్తున్నారో తెలిస్తే భయపడి పారిపోతారని కొందరు డాక్టర్లు, మాలాంటి సిస్టర్లు అనుకుంటాం. నేను చూసినంతలో జరిగేది దానికి విరుద్ధం. మచ్చ ఎక్కడ పడుతుందో వేలితో గీసి చూపిస్తే, తిమ్మిరి ఎక్కడుంటుందో అరచేత్తో చూపిస్తే, మనుషులు లెక్క వేసుకోగలుగుతారు. “ఏం కాదు” అన్నప్పుడే లెక్క అందక “చూద్దాం” అంటారు.

ఏడో రోజు పొద్దున నేను ఆవిడ పక్కన కూర్చుని, నా తొడ మీదే వేలితో గీత గీసి చూపించాను. ఇక్కణ్నుంచి ఇక్కడి దాకా మచ్చ. ఇంత మేర తిమ్మిరి. అబ్బాయి కాలి మీద ముక్క మొదట ఎత్తుగా ఉంటుంది. నూటికి కొన్ని ఆపరేషన్లు ఫెయిలవుతాయి, అప్పుడు ఇంకోటి ఆలోచించాలి. పూర్వం ఇలాంటి గాయానికి రెండు కాళ్లనూ కలిపి కుట్టి, మూడు వారాలు కదలకుండా అలాగే పడుకోబెట్టేవారని కూడా చెప్పాను. బాగున్న కాలి చర్మం పాడైన కాలికి అతుక్కునేదాకా రెండూ ఒకదానికొకటి కట్టేసి ఉండేవి. ఆవిడ అంతా విని, “ఇది మొదటిరోజే చెప్పొచ్చు కదమ్మా” అంది. సంతకం పెట్టింది. అప్పటికి ఎముక పై పొర కొంత చెక్కాల్సి వచ్చింది.

ఇప్పుడు నా “చూద్దాం” సంగతి.

ఫ్లాప్ వేసిన మొదటి రాత్రి గంట గంటకీ చూడాలి. ఎక్కువ ప్రమాదం మొదటి రెండు మూడు రోజుల్లోనే. వేలితో మెల్లగా నొక్కి వదిలితే పాలిపోయిన చోటికి రక్తం తిరిగి రావాలి, రెండు మూడు సెకన్లలో. వెచ్చగా ఉండాలి. నొక్కితే బుగ్గలా ఉండాలి, నీటి బుడగలా బిర్రుగా ఉండకూడదు, వాడిన ఆకులా మెత్తబడకూడదు. డాప్లర్ పెడితే ముందురోజు సాయంత్రం విన్న అదే “హుష్ హుష్” వినిపించాలి. రక్తం రావడం ఆగిపోతే ముక్క చల్లగా, పాలిపోయి, నొక్కినా రంగు తిరిగి రాకుండా ఉంటుంది. రక్తం వస్తూ ఉండి, తిరిగి వెళ్లే సిర మూసుకుపోతే వేరేలా ఉంటుంది. ఉబ్బుతుంది, నీలంగా మారుతుంది, నొక్కి వదలగానే మరీ తొందరగా రంగు వచ్చేస్తుంది. సూదితో గుచ్చితే ఎర్రటి చుక్క బదులు నల్లటి రక్తం గబగబా కారుతుంది. ఈ రెండోదే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే మొదట్లో ముక్క ఇంకా ఆరోగ్యంగా, నిండుగా ఉన్నట్టు కనిపిస్తుంది.

పుస్తకాల్లో రాసే గులాబీ రంగు, నీలం రంగు తెల్లతోలు మీద చూసి రాసినవి. నల్లటి చర్మం మీద నీలం అంత తేలిగ్గా కనపడదు. రంగు కనిపించేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. అక్కడ మన వేలి కొసే కన్ను. కొత్తగా వచ్చే సిస్టర్లకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే.

నాకు అది తెలియని రోజుల్లో, రెండో రాత్రి, రెండున్నరకి, ఒకాయన కాలి మీది ముక్కను నొక్కాను. రంగు గంట క్రితం కంటే తొందరగా తిరిగొచ్చింది. కాస్త బిర్రుగా కూడా అనిపించింది. డాప్లర్ శబ్దం బాగానే ఉంది. డ్యూటీ డాక్టర్ గారు అప్పుడే ఇంకో కేసు ముగించుకుని పడుకున్నారు. లేపితే ఏమీ లేకపోతే? ఏమంటారో అని టెన్షన్. నాకు నేనే చెప్పుకున్నాను, ఇంకో గంట చూద్దాం అని. మూడున్నరకి వెళ్లేసరికి ముక్క నల్లద్రాక్షలా ఉంది. పరిగెత్తుకుంటూ వెళ్లి లేపాను. ఆయన ఒక్క మాట కూడా అనకుండా చెప్పులేసుకుని వచ్చారు. థియేటర్‌లో విప్పి చూస్తే సిరలో గడ్డ. తీసేసి మళ్లీ కుట్టారు. ముక్క బతికింది. కింది అంచున రెండు వేళ్ల వెడల్పు మాత్రం నల్లబడి పోయింది. దాన్ని కోసి తీసి అక్కడ గ్రాఫ్ట్ వేశారు. అదృష్టం కొద్దీ దాని కింద కండ ఉంది, అతుక్కుంది.

ఆ రెండు వేళ్ల వెడల్పు నా గంట. రెండున్నరకే పిలిచి ఉంటే అది కూడా బతికేదని ఖాయంగా ఎవరూ చెప్పలేరు, నాకైతే వేరే లెక్క లేదు. మర్నాడు డాక్టర్ గారు నన్ను పిలిచి, “పదిసార్లు అనవసరంగా లేపండి, నేనేమీ అనను. పదకొండోసారికి కదా నేనున్నది” అన్నారు. వార్డుల్లో ఆ మాట అనే డాక్టర్లు ఎక్కువమంది ఉండాలి. ఎందుకంటే ఫ్లాప్‌ని కుట్టేది పది గంటలు మైక్రోస్కోప్ ముందు కూర్చున్న సర్జనే అయినా, దాన్ని నిలబెట్టేది ఆ రాత్రి లేపడానికి భయపడని మనిషి. ఆ భయం పోగొట్టాల్సింది పైవాళ్లే. నాకు ఆ రాత్రి డాప్లర్ కొరత లేదు, చదువు కొరత లేదు. నిద్రలో ఉన్న మనిషిని లేపే ధైర్యం చాల్లేదు.

ఆ తల్లి కొడుకుది నిలిచింది. మొదటి రాత్రి ఆవిడ నిద్రపోలేదు. నేను గంటకోసారి వచ్చి నొక్కి, వాచీ చూసుకుని, చార్టులో రాసి వెళ్తుంటే చూస్తూనే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి, “నువ్వేం లెక్కపెడుతున్నావమ్మా?” అని అడిగింది. చెప్పాను. తర్వాతి గంటకి వెళ్లేసరికి నేను నొక్కి వదలగానే ఆవిడ పక్కన నిలబడి మెల్లగా, “ఒకటి... రెండు...” అంటోంది. రంగు వచ్చింది. “వచ్చింది” అంది. నేను చార్టులో రాసుకున్నాను. అబ్బాయి అంతలో కళ్లు తెరిచి, తొడ బాగా మంటగా ఉందన్నాడు. “ఉంటుందిరా, చెప్పారు కదా” అని ఆవిడ దుప్పటి సర్దింది.